ఒకే టోకెన్ నంబరు ఇద్దరికి ఎలా వచ్చింది? సైట్ అప్‌గ్రేడ్ తర్వాత మేం పట్టుకున్న రెండో కాపీ



ఈ పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. బీటెక్, బీసీఏ, ఎంసీఏ చదివే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం రాస్తున్నాం. కంప్యూటర్ సంగతి తెలియనివాళ్లు కూడా చదవొచ్చు. ఇందులో కోడ్ గొడవతో పాటు ఒక పిల్లాడి మీద పడిన మాట కూడా ఉంది. ఆ మాట నిజమా కాదా తేల్చడానికి మా దగ్గర లెక్క తప్ప ఇంకేం లేదు.

మేం ఐదుగురం. ఏటా అడ్మిషన్ల టైంలో మండల కేంద్రంలో సహాయ శిబిరం పెడతాం. కుల, ఆదాయ సర్టిఫికెట్లు, హాస్టల్ ఫారాలు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, ఆధార్‌లో పేరు ఒకలా టెన్త్ మెమోలో ఇంకోలా ఉన్న కేసులు, అన్నీ అక్కడికే వస్తాయి. వాగు అవతల గూడేల నుంచి వచ్చేవాళ్లకి సాయంత్రం బస్సు ఒక్కటే. అది పోతే ఆ రాత్రి ఎవరి ఇంటి అరుగు మీదో పడుకోవాలి. అందుకే టోకెన్ నంబరు మా దగ్గర చాలా పెద్ద విషయం. నంబరు చూసుకునే అమ్మానాన్నలు లెక్క వేసుకుంటారు, బస్సు అందుతుందా లేదా అని.

టోకెన్ రెండు దారుల్లో ఇస్తాం. సిగ్నల్ ఉన్నవాళ్లు ముందురోజు సాయంత్రం నుంచే ఫోన్‌లో తీసుకుంటారు. లేనివాళ్లు పొద్దున శిబిరానికొచ్చి టేబుల్ దగ్గర తీసుకుంటారు. ఆ టేబుల్ దగ్గర ఇంటర్ అయిపోయిన మా తమ్ముడు ఒకడు కూర్చుంటాడు.

మా సైట్‌ని మా ముందు బ్యాచ్ అన్నలు నెక్స్ట్.జేఎస్ 12లో రాశారు. రెండేళ్లు బాగా నడిచింది. అయితే 2025 మార్చిలో నెక్స్ట్.జేఎస్ మిడిల్‌వేర్‌లో ఒక భద్రతా లోపం బయటపడింది, సీవీఈ-2025-29927 అని దానికి నంబరు. రిక్వెస్ట్‌లో ఒక ప్రత్యేకమైన హెడర్ పెట్టి పంపితే, మిడిల్‌వేర్‌లో పెట్టుకున్న లాగిన్ తనిఖీని దాటుకుని లోపలికి పోవచ్చు. సరిచేసిన వెర్షన్లు 14.2.25, 15.2.3 వచ్చాయి. మన పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు ఉన్న సైట్ అది, తలుపు తెరిచి పెట్టి కూర్చోలేం కదా. 14కి మారాం. మారేటప్పుడు ఫోన్‌లో టోకెన్ తీసుకునే పేజీని కొత్త పద్ధతిలో, అంటే యాప్ ఫోల్డర్‌లో రాశాం. టేబుల్ దగ్గర వాడే పాత ఏపీఐ పేజెస్ ఫోల్డర్‌లోనే ఉంది. రెండు పద్ధతులూ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే ఉండొచ్చని, మెల్లగా ఒక్కొక్కటీ మార్చుకోవచ్చని నెక్స్ట్.జేఎస్ డాక్యుమెంటేషనే చెప్తుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక మొదటి శిబిరం. ముందురోజు రాత్రికి ఫోన్‌లో 46 టోకెన్లు పోయాయి. పొద్దున ఎనిమిదిన్నరకి టేబుల్ తెరిచాం. పదిన్నర కల్లా ఇద్దరు ఆడపిల్లలు 47 నంబరు పట్టుకుని నిలబడ్డారు. ఒకామె బస్సులో వస్తూ ఫోన్‌లో తీసుకుంది. ఇంకొకామె టేబుల్ దగ్గర తీసుకుంది. టేబుల్ దగ్గర తీసుకున్నామె మా తమ్ముడికి మేనమామ కూతురు.

ఇంకేముంది, లైన్‌లో గుసగుస మొదలైంది. "మీవోళ్లకి దొడ్డిదారిన రాసిచ్చినవా?" అని ఒక పెద్దాయన మొహమ్మీదే అడిగాడు. పిల్లాడు ఏం చెప్తాడు? కంప్యూటర్ చూపించిన నంబరే రాసిచ్చానన్నాడు. ఎవరూ నమ్మలేదు. మధ్యాహ్నానికి 48, 49 కూడా రెండేసి వచ్చాయి, అప్పుడు అనుమానం మా అందరి మీదికీ పాకింది. ఆ రోజుకి నోట్‌బుక్ తీసి చేతిరాతతో నడిపించాం. పిల్లాడు మాత్రం సాయంత్రం అన్నం తినకుండా ఇంటికి పోయాడు. మళ్లీ వారం శిబిరానికి రానన్నాడు.

అందుకే ఆ వారం మాకు బగ్ సరిచేయడం కంటే ముందు, అది ఎక్కడ పుట్టిందో సాక్ష్యంతో చూపించడం అవసరమైంది.

ముందు సింగిల్‌టన్ అంటే ఏంటో చెప్పుకుందాం. ప్రోగ్రామ్‌లో కొన్ని వస్తువులు ఒక్కటే ఉండాలి: డేటాబేస్ కనెక్షన్ల పూల్, కాష్, టోకెన్ లెక్కపెట్టే కౌంటర్. ఎవరు అడిగినా ఆ ఒక్కదాన్నే చేతికివ్వాలి. దీన్నే సింగిల్‌టన్ అంటారు. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ నలుగురూ 1994లో తెచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో ఇదొక ప్యాటర్న్. జావాస్క్రిప్ట్‌లో దీనికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఒక ఫైల్‌లో పైనే వేరియబుల్ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు. నోడ్.జేఎస్ ఒక మాడ్యూల్‌ని మొదటిసారి లోడ్ చేసినప్పుడే నడిపి, ఫలితాన్ని కాష్‌లో దాచుకుంటుంది. తర్వాత ఎంతమంది దాన్ని పిలిచినా దాచిందే ఇస్తుంది. మా టోకెన్ ఫైల్ కూడా అంతే. లోడ్ అయినప్పుడు టేబుల్‌లో ఆ శిబిరం చివరి నంబరు చదువుకుంటుంది. అక్కణ్నుంచి తన మెమరీలోనే ఒకటి కలుపుకుంటూ పోతుంది.

ఇక్కడే కిటుకు. నోడ్ కాష్‌లో ఒక్కటే అన్నది నిజమే, కానీ అది ఆ కాష్ హద్దులోనే నిజం. మన ఊళ్లల్లో చూడండి, గూడేనికి ఒకే పటేల్ అంటాం. వాగు దాటితే ఆ గూడేనికి ఇంకో పటేల్. ఇద్దరి విషయంలోనూ "ఒక్కడే" అన్న మాట అబద్ధం కాదు. ఏ గూడెం లెక్క ఆ గూడేనిది. ఇద్దరూ ఒకే పుస్తకంలో రాస్తున్నామనుకుంటేనే చిక్కు.

మేం ఏం చేశామంటే, టోకెన్ ఫైల్ పైభాగంలో మూడు సంగతులు లాగ్‌లో రాసేలా పెట్టాం. ఒకటి, ప్రాసెస్ నంబరు, అంటే పీఐడీ. రెండు, ఫైల్ లోడ్ అయిన ప్రతిసారీ కొత్తగా పుట్టే ఒక ర్యాండమ్ గుర్తు. మూడు, ఆ ఫైల్‌ని ఎవరు పిలిచారో చెప్పే స్టాక్ ట్రేస్. కొత్త ఎర్రర్ ఆబ్జెక్ట్ ఒకటి తయారు చేసి దాని స్టాక్ ప్రింట్ చేస్తే ఇది వచ్చేస్తుంది. టోకెన్ ఇచ్చిన ప్రతిసారీ కూడా ఆ గుర్తు, నంబరు పక్కపక్కన రాయించాం. తర్వాత సైట్‌ని బిల్డ్ చేసి, ప్రొడక్షన్‌లో నడిచినట్టే నడిపి, ఒకసారి ఫోన్ నుంచి, ఒకసారి టేబుల్ పేజీ నుంచి టోకెన్లు తీశాం.

లాగ్‌లో వచ్చింది ఇది. పీఐడీ రెండుసార్లూ ఒకటే. గుర్తులు మాత్రం రెండు. స్టాక్ ట్రేస్‌లో ఒకటి బిల్డ్ ఫోల్డర్‌లోని సర్వర్ కింద యాప్ నుంచి, ఇంకోటి సర్వర్ కింద పేజెస్, దాని లోపలి ఏపీఐ నుంచి. అంటే ప్రాసెస్ ఒక్కటే, దాని లోపల మా ఫైల్ మాత్రం రెండుసార్లు బతికింది.

కారణం ఇది. నెక్స్ట్.జేఎస్ మన ఫైళ్లని ఉన్నవి ఉన్నట్టు నడపదు. మేం వాడిన 14 అయితే వెబ్‌ప్యాక్‌తో బండిల్ చేసి నడుపుతుంది. పేజెస్‌లోని ఏపీఐ రూట్లకి ఒక వెబ్‌ప్యాక్ రన్‌టైమ్, యాప్ ఫోల్డర్‌కి వేరే రన్‌టైమ్ ఉంటాయి. ఎవరి మాడ్యూల్ కాష్ వాళ్లది. పాత సైట్‌లో టోకెన్లు ఇచ్చే దారులన్నీ పేజెస్ ఏపీఐలోనే ఉండేవి. ఒక్క రన్‌టైమ్, ఒక్క కాష్, ఒక్క కౌంటర్. ముందు బ్యాచ్ అన్నల కోడ్ అప్పటికి సరిగ్గానే ఉంది. ఒక దారి యాప్‌లోకి రాగానే అదే ఫైల్ ఇంకో రన్‌టైమ్‌లో ఇంకోసారి పుట్టింది.

ఇప్పుడు 47 సంగతి చూడండి. రాత్రి ఫోన్ టోకెన్లు ఇచ్చిన కాపీ దగ్గర 46 వరకు లెక్క ఉంది. పొద్దున టేబుల్ తెరవగానే రెండో కాపీ పుట్టింది. డేటాబేస్ చూసింది, చివరిది 46 అని చదువుకుంది, 47 ఇచ్చింది. బస్సులో ఉన్న పిల్ల ఫోన్‌లో నొక్కగానే మొదటి కాపీ తన మెమరీలో ఉన్న 46కి ఒకటి కలిపి అదీ 47 ఇచ్చింది. ఎవరి లెక్క వాళ్లది, రెండూ కరెక్టే. అందుకే 1 నుంచి 46 వరకు ఒక్క జంట కూడా లేదు. సరిగ్గా మా తమ్ముడు కూర్చున్నప్పటి నుంచే మొదలయ్యాయి. అనుమానం వాడి మీద పడటానికి ఇంతకంటే ఏం కావాలి? లాగ్ లేకపోతే మాకైనా అర్థమయ్యేది కాదు. ఈ జబ్బులో ఇంకో సంగతి ఉంది. ఫోన్ దారి ఒక్కటే వందసార్లు చూసినా తప్పు కనిపించదు, టేబుల్ దారి ఒక్కటే వందసార్లు చూసినా కనిపించదు. రెండూ కలిసి నడిచినప్పుడే బయటపడుతుంది.

మీ ప్రాజెక్టులో ఇలాంటిది వస్తే లాగ్‌ని ఇలా చదవండి.

పీఐడీలు వేరు వేరుగా ఉన్నాయంటే ప్రాసెస్‌లే రెండు. పీఎం2లో క్లస్టర్ మోడ్ పెడితే ఇలా ఉంటుంది. ఒక ప్రాసెస్ మెమరీ ఇంకో ప్రాసెస్‌కి కనపడదు కాబట్టి కోడ్‌లో ఏ మంత్రం వేసినా కలవవు.

పీఐడీ ఒకటే, గుర్తులు రెండో మూడో ఉండి అక్కడే ఆగిపోతే, మాకు వచ్చినట్టు బండిల్‌లో కాపీలు. యాప్‌కి పేజెస్‌కి మధ్య వస్తుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఫైల్‌కీ మిగతా యాప్‌కీ మధ్య కూడా వస్తుంది.

పీఐడీ ఒకటే, కానీ డెవలప్‌మెంట్‌లో ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా కొత్త గుర్తు పుడుతుంటే అది హాట్ రీలోడ్. కోడ్ మారింది కదా అని మాడ్యూల్‌ని మళ్లీ నడుపుతుంది. పాత కాపీ తెరిచిన కనెక్షన్లు మాత్రం అలాగే ఉండిపోతాయి. ప్రిస్మా వాడేవాళ్లకి ఇప్పటికే పది ఇన్‌స్టెన్సులు నడుస్తున్నాయని హెచ్చరిక రావడం దీనివల్లే. లెక్క వేసి చూడండి: పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లు ఇస్తుంది, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన పెడుతుంది. మిగిలేవి 97. 4 కోర్ల ల్యాప్‌టాప్‌లో ప్రిస్మా పాత వెర్షన్లు ఒక్కో పూల్‌కి కోర్లకి రెట్టింపు, పైన ఒకటి, అంటే 9 కనెక్షన్ల దాకా తీసుకునేవి. పది కాపీలు పూర్తిగా వాడితే 90. పదకొండో కాపీకి 99 కావాలి, తలుపు మూసేస్తుంది. ఆ ఎర్రర్ చూసి డేటాబేస్ పాడైందని దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసే పిల్లలున్నారు. పాపం డేటాబేస్ ఏం చేసింది?

నాలుగోది, ప్యాకేజీలోనే రెండు వెర్షన్లు దిగడం. అప్‌గ్రేడ్ తర్వాత ఒక లైబ్రరీ పాత రియాక్ట్‌ని, మన యాప్ కొత్త రియాక్ట్‌ని పట్టుకుంటే హుక్స్ తప్పుగా పిలిచారని ఎర్రర్ వస్తుంది, మన హుక్స్ సరిగ్గా ఉన్నా సరే. ఎన్‌పీఎం ఎల్ఎస్ పక్కన ప్యాకేజీ పేరు రాసి నొక్కితే ఎన్ని కాపీలు ఉన్నాయో చెట్టులా చూపిస్తుంది.

ఇది ఒక్క నెక్స్ట్.జేఎస్ సంగతి కాదు, ఎవరి ఫ్రేమ్‌వర్క్‌లో వాళ్లకి ఒక హద్దు ఉంటుంది. ఏఎస్‌పీ.నెట్ కోర్‌లో సర్వీసులు రిజిస్టర్ చేసే చోట మధ్యలో బిల్డ్ సర్వీస్ ప్రొవైడర్ పిలిస్తే ఇంకో కంటైనర్ పుట్టి, సింగిల్‌టన్‌లకి ఇంకో కాపీ వస్తుంది. ఆ మాట హెచ్చరికలోనే రాసి ఉంటుంది. అక్కడే ఒక క్లాస్‌ని రెండు ఇంటర్‌ఫేస్‌ల పేరుతో రెండుసార్లు సింగిల్‌టన్‌గా రిజిస్టర్ చేస్తే వస్తువులు రెండు. యాంగ్యులర్‌లో లేజీగా లోడయ్యే మాడ్యూల్ ప్రొవైడర్లలో సర్వీస్ పెడితే ఆ మాడ్యూల్‌కి సొంత కాపీ. జావాలో ఒక్కో క్లాస్ లోడర్‌కి ఒక్కో సింగిల్‌టన్. పేర్లు మారతాయి, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఎంత హద్దులో ఒక్కటి?"

మరి మందు? రెండు రకాలు.

కనెక్షన్ పూల్ లాంటివాటికి గ్లోబల్‌దిస్ సరిపోతుంది. అది మాడ్యూల్ కాష్‌కి బయట, మొత్తం ప్రాసెస్‌కి ఉమ్మడిగా ఉండే చోటు. ఫైల్ లోడ్ అయినప్పుడు ముందు అక్కడ చూడాలి. ఉంటే అదే తీసుకోవాలి, లేకపోతే కొత్తది చేసి అక్కడ పెట్టాలి. వేరేవాళ్ల పేరుతో కలిసిపోకుండా సింబల్.ఫర్‌తో ఒక తాళం పేరు పెట్టుకుంటే ఇంకా మంచిది. రన్‌టైమ్‌లు రెండైనా, హాట్ రీలోడ్ పదిసార్లు అయినా పూల్ ఒక్కటే ఉంటుంది. ఒక జాగ్రత్త: 14లో మిడిల్‌వేర్ ఎడ్జ్ రన్‌టైమ్‌లో నడుస్తుంది, దానికి గ్లోబల్ వేరు. అక్కడి నుంచి దీన్ని అందుకుందామనుకోవద్దు.

టోకెన్ కౌంటర్‌కి మాత్రం మేం గ్లోబల్‌దిస్ వాడలేదు. వాడితే ఆ రోజుకి పని జరిగేది. రేపు రద్దీ పెరిగి రెండో ప్రాసెస్ పెడితే మళ్లీ రెండు పుస్తకాలు. మనుషులకి ఇచ్చే నంబరు ఎవరి మెమరీలోనూ ఉండకూడదని తీర్మానించుకున్నాం. దాన్ని డేటాబేస్‌లోకి పంపాం.

అక్కడ కూడా కాసేపు వాదించుకున్నాం. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ వాడితే ఒకే నంబరు ఇద్దరికి రాదు. కానీ ఒక ట్రాన్సాక్షన్ మధ్యలో ఆగిపోతే ఆ నంబరు వెనక్కి రాదు, వరసలో ఖాళీ పడుతుంది. కంప్యూటర్ వాళ్లకి ఖాళీ పెద్ద విషయం కాదు. మా లైన్‌లో మాత్రం 51 తర్వాత 53 పిలిస్తే "52 ఎవరికి దాచిండ్రు?" అని అడుగుతారు. అడగడం న్యాయమే. అందుకే ప్రతి శిబిరానికి ఒక వరస పెట్టి, అందులో చివరి నంబరుకి ఒకటి కలిపి అదే మాటలో కొత్త నంబరు వెనక్కి తెచ్చుకునేలా అప్‌డేట్ రాశాం. టోకెన్ రాసే పని కూడా అదే ట్రాన్సాక్షన్‌లో పెట్టాం. ఒకరు ఆ వరసని పట్టుకుని ఉంటే రెండోవాళ్లు ఆగుతారు. పని ఆగిపోతే నంబరు కూడా వెనక్కి పోతుంది. పైన ఇంకో కాపలా: శిబిరం, నంబరు రెండూ కలిపి యూనిక్ అని టేబుల్‌కే చెప్పాం. రేపు ఎవరు ఏ అప్‌గ్రేడ్ చేసినా, ఎక్కడ ఎన్ని కాపీలు పుట్టినా, రెండో 47ని డేటాబేస్ రానివ్వదు. ఎర్రర్ వస్తుంది గానీ ఇద్దరి మధ్య గొడవ రాదు.

తర్వాత వారం శిబిరం మొదలయ్యే ముందు లాగ్ కాగితం మీద ప్రింట్ తీసి పెద్దవాళ్లకి చూపించాం. రన్‌టైమ్, వెబ్‌ప్యాక్ అని చెప్తే ఎవరు వింటారు? రెండు నోట్‌బుక్‌లు తెచ్చాం. రెండింటిలో 46 వరకు రాసి, ఒకటి టేబుల్ దగ్గర పెట్టి, ఒకటి ఫోన్ పట్టుకున్న వాళ్ల చేతికిచ్చాం. "ఇప్పుడు మీరిద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా తర్వాత నంబరు రాయండి" అన్నాం. ఇద్దరూ 47 రాశారు. తమ్ముణ్ని నిలదీసిన పెద్దాయనే ముందు నవ్వాడు. "బుక్కులు రెండైతే నంబరు కలవక ఏమైతది? దీనికి పిలగాణ్ని అంటిమి" అన్నాడు. పిల్లాడి భుజం మీద చెయ్యేసి తనే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. మనవాళ్లు చేసిన పనిలో ఏదైనా తేడా వస్తే, మనవాళ్లే ముందు అనేస్తారు, "మనోళ్లు చేస్తే ఇట్లనే ఉంటది" అని. బయటివాళ్ల సంగతి సరేసరి. అలాంటప్పుడు ఎదురు అరిచి లాభం లేదు, ఊరుకున్నా లాభం లేదు. లెక్క తీయాలి. ఎన్ని కాపీలు, ఏ ప్రాసెస్‌లో, ఎవరు పిలిస్తే పుట్టాయి అని నాలుగు లైన్ల లాగ్ రాయాలి. దానికి పెద్ద కాలేజీ అక్కర్లేదు, గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. మా దగ్గర ఉన్నవి రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక ఫోన్ హాట్‌స్పాట్.

మీ ఊళ్లో, మీ హాస్టల్‌లో ఎవరైనా ఇలాంటి సైట్ నడుపుతుంటే, అప్‌గ్రేడ్ చేసిన రోజే ఆ మూడు సంగతులూ లాగ్‌లో పెట్టి చూడమనండి. సైట్‌లో ఉన్న దారులన్నీ కలిపి ఒకేసారి నడపమనండి. మనుషులకి ఇచ్చే నంబర్లు, సీట్లు, డబ్బు లెక్కలు మెమరీలో ఉంటే ఇవాళే డేటాబేస్‌లోకి మార్చమనండి. ఎక్కడైనా అర్థం కాకపోతే కింద కామెంట్‌లో లాగ్ పెట్టండి, పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి పెట్టండి. కూర్చుని కలిసి చూద్దాం.